ఇనుము రాని గది

శవం ఉసిరి రసంలో పడి ఉంది.

రసం అప్పటికే సగం ఆరిపోయింది. సిమెంటు నేల జిగటగా చెప్పులకి అంటుకుంటోంది. గదినిండా వగరు వాసన. పోయిన మనిషికి నలభై దాటి ఉంటాయి. కుడి కణత దగ్గర లోతుగా చీరుకుపోయిన దెబ్బ. చేతి పక్కన స్టీలు పానా. ఎదురుగా కుళాయి బిగించిన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ము ఖాళీ.

టైము ఉదయం ఏడున్నర. ఇన్‌స్పెక్టర్ గదిలోకి అడుగు పెట్టబోతుంటే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, తాళాలు బయట పెట్టి రండి. ఈ గదిలోకి ఇనుము రాకూడదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. రాత్రంతా వేరే కేసు మీద తిరిగి, ఇంటికెళ్ళి పడుకుందామనుకునేసరికి ఫోనొచ్చింది. మోకాలు సలుపుతోంది. ఒళ్ళు హూనమైపోయింది.

"లోపల శవం ఉందయ్యా."

"ఉందండీ. అయినా..." అంటూ నీళ్ళు నమిలాడు.

అతను కావాలని అడ్డుపడలేదు. ఏళ్ళ తరబడి అన్న మాట కాబట్టి దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. వాదించే ఓపిక లేక ఆవిడ తాళాలగుత్తి తీసి గుమ్మం పక్కనున్న కొక్కేనికి తగిలించింది. వెనకాలే వచ్చిన కానిస్టేబుల్ గొణుక్కుంటూ బెల్టు విప్పాడు. మనిషి బక్కపలచన. బెల్టు లేని ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని పంచనామా ఎలా రాయాలో అతనికి అర్థం కాలేదు.

ఆ కుటుంబం ఉసిరికాయని నమ్ముకుని బతుకుతోంది. తినడానికి పొడి, తలకి నూనె, మొహానికి ముద్ద, తెల్లజుట్టుకి నల్లరంగు. పనిచోటు రెండు గదులు. ముందు గదిలో కాయ ఉడకబెట్టి, గింజ తీసి, రసం పిండుతారు. అక్కడ సామానంతా చెక్క, స్టీలు, ప్లాస్టిక్. ఉత్త ఇనుము తగిలిందంటే ఉసిరి నల్లబడిపోతుంది, ఆ సరుకు పారబొయ్యాల్సిందే. వెనక గదిలో మళ్ళీ అదే గుణాన్ని వాడుకుంటారు. ఇనుప బాండీల్లో ఉసిరిపొడి నానబెట్టి నల్లరంగు తీస్తారు. అక్కడివాళ్ళకి మోచేతులదాకా రబ్బరు గ్లౌజులు. ఆ గది సామాను ఈ గదికి రాదు. ఈ కట్టుబాటు పెట్టింది పోయినాయన తండ్రి. దాన్ని వీసమెత్తు సడలించకుండా నడిపింది పోయినాయన.

అంతటి మనిషిని ఎవరు కొట్టారు? దేనితో కొట్టారు?

గది అంగుళం అంగుళం గాలించారు. గోడలు నున్నగా ఉన్నాయి. బల్లల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. నెత్తుటి మరక ఉన్న వస్తువు ఒక్కటీ దొరకలేదు. శవాన్ని చూసిన డాక్టరు, బరువైనదీ అంచున్నదీ ఏదో తగిలిందన్నాడు. ప్రాణం పోయింది రాత్రి తొమ్మిదికీ పదికీ మధ్య. ఇక ఆయుధం ఎత్తుకుపోయారని రాసుకోవడం మిగిలింది.

ఇన్‌స్పెక్టర్ మొదట పెద్దకోడలితో మాట్లాడింది. పోయినాయన భార్య. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయినా మాట మాత్రం సూటిగా వచ్చింది. మరిదే చేశాడంది. నిన్న సాయంత్రం ఏడింటికి అన్నదమ్ములిద్దరూ అరుచుకున్నారు. పెద్ద కంపెనీవాళ్ళు ఈ నూనెని తమ దుకాణాల్లో పెడతామన్నారు, కాకపోతే సెంటు కలపాలి, ఏడాది నిలవుండే మందు కలపాలి. తమ్ముడు సరేనన్నాడు. అన్న ససేమిరా అన్నాడు. చివరికి తమ్ముడు, "అయితే ఈ గదిలోనే కూర్చో! నీతోపాటే దీన్నీ పాతిపెట్టుకో!" అని విసురుగా వెళ్ళిపోయాడట. మేస్త్రీ కూడా విన్నాడు. తర్వాత అన్న తన ఇంటికి ఫోన్ చేసి, డ్రమ్ము కుళాయి కారుతోంది, బాగుచేసి వస్తాను, పడుకోండి అన్నాడు. భార్య పడుకుంది. అదే ఆఖరి మాట.

శవాన్ని ముందు చూసింది తల్లి. తెల్లారగానే వచ్చి తలుపులు తియ్యడం ఆవిడ పని. అందరూ అమ్మగారంటారు. గోడకి ఆనుకుని బల్లమీద కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. జుట్టు రంగు చేసే ఇల్లు కదా అని ఇన్‌స్పెక్టర్ పట్టించుకోలేదు.

"మీరొచ్చేసరికి తలుపు ఎలా ఉందమ్మా?"

"దగ్గరికేసి ఉంది."

"ఏమైనా ముట్టుకున్నారా?"

"వాణ్ణి ముట్టుకున్నాను. కన్నదాన్ని కదా."

"ఇంకేమైనా?"

"లేదు."

"మీ చిన్నబ్బాయి రాత్రి..."

"వాడి గురించి నన్నేమీ అడక్కండి."

ఆ ఒక్కమాటతో చిన్నకొడుకు పని అయిపోయింది. తల్లే వెనకేసుకు రాలేదంటే ఇంకేముందని మేస్త్రీ తల దించుకున్నాడు. కానిస్టేబుల్ కాగితం మీద ఆ మాట కింద గీత గీశాడు. తొమ్మిదింటికల్లా చిన్నకొడుకుని జీపెక్కించారు. తల్లి గుమ్మందాకా వచ్చి నిలబడింది. ఒక కొడుకుని ఆస్పత్రి బండి తీసుకుపోయింది, రెండోవాణ్ణి పోలీసు బండి తీసుకుపోతోంది.

స్టేషన్‌లో అతని జేబులు ఖాళీ చేయించారు. పర్సు, ఫోను, ఒక తాళంచెవి. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"రాత్రి ఎక్కడున్నావు?"

"బస్టాండ్‌లో."

"ఎవర్నయినా ఎక్కించడానికా?"

"కాదు. ఊరికే కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"కోపం తగ్గేదాకా."

"నిన్ను ఎవరైనా చూశారా?"

"బస్టాండ్‌లో అందరూ బస్సుల కోసం చూస్తారు మేడం."

అబద్ధం చెప్పేవాడైతే ఇంతకన్నా మంచిది చెప్పేవాడు. ఆ సంగతి ఆవిడకి తోచింది. తోచి ఏం లాభం? కోర్టుకి తోచినవి అక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి అరెస్టు రాసింది.

అతను ఒక్కటే అడిగాడు. అమ్మ ఏమందని. ఏమీ అనలేదంది ఇన్‌స్పెక్టర్. అతని మొహం కాస్త తేటపడింది.

"అమ్మకి తెలుసు మేడం. ఎవరేమన్నా, నేను చెయ్యలేదని ఆవిడకి తెలుసు. అదొక్కటి చాలు నాకు."

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చేసింది. తల్లి అన్న ఆ మాట అతనికి వినిపించడానికి ఆవిడకి నోరు రాలేదు.

మర్నాడు పన్నెండు కావస్తుండగా పై ఆఫీసర్ ఫోన్. సాయంత్రం నాలుగింటికి కోర్టులో హాజరు పరచాలి, రిమాండ్ కాగితాలు రెడీయేనా అని. రెడీ అవుతున్నాయి సార్ అంది. తగాదా ఉంది, సాక్షులున్నారు, ఇంకేం కావాలమ్మా అన్నాడాయన. ఆయనా నిద్రలేనివాడే. ఈ ఉద్యోగంలో నిద్రపోయినవాణ్ణి ఆవిడింకా చూడలేదు.

ఆ ఫోన్ పెట్టేసేలోపే పోస్ట్‌మార్టం డాక్టర్ ఫోన్. ఆయన గొంతులో కూడా విసుగే.

"దెబ్బ కుడివైపు. మెదడు కమిలింది మాత్రం ఎడమవైపు. నిలబడ్డవాణ్ణి కొడితే ఇలా ఉండదు. కదులుతున్న తల పోయి కదలని వస్తువుకి కొట్టుకుంటే ఇలా ఉంటుంది. అంటే పడ్డట్టు."

"మరి పడ్డాడని రాయండి సార్."

"దేనిమీద పడ్డాడో మీరు చూపిస్తే రాస్తాను. చదును నేల ఇలా చీల్చదు. అంచున్నదేదో ఉండాలి. మీ ఫొటోల్లో ఆ గదిలో అలాంటిదేమీ లేదు."

లేదు. నిజమే. మళ్ళీ మొదటికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ రిమాండ్ కాగితాలు ముందుకి లాక్కుంది. సంతకం పెట్టేస్తే మూడింటికి ఇంటికి పోవచ్చు. వేడినీళ్ళతో మోకాలికి కాపడం పెట్టుకోవచ్చు. ఎవరూ ఆవిణ్ణి తప్పు పట్టరు. కలం మూత తీసింది కూడా.

అప్పుడు కానిస్టేబుల్ చేతులు చూసుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏంటయ్యా, ఎవరు తీశారు నీ వేలిముద్రలు?"

"అదే తెలీడం లేదు మేడం. సబ్బు పెట్టి రుద్దినా పోవట్లేదు."

వేళ్ళ కొసలన్నీ నల్లగా, నీలం పులుముకున్నట్టున్నాయి. సిరా ముట్టుకున్నావా అంటే లేదన్నాడు. ల్యాబ్‌కి పంపాల్సిన ఉసిరి రసం సీసా మూత వదులై చేతుల మీద కారిందట. తుడుచుకుని, స్టేషన్ వెనక గేటుకి పాత తాళం ఉంది కదా, తుప్పుపట్టింది, దాంతో కుస్తీ పట్టి గేటు తీసి వచ్చాడట. కాసేపటికి చూసుకుంటే ఇదీ వరస.

ఇన్‌స్పెక్టర్ ఆ వేళ్ళని చాలాసేపు చూసింది. తర్వాత కలానికి మూత పెట్టేసింది.

"మేడం, కడిగితే పోతుందంటారా?"

"పోకపోతే మరీ మంచిది. జీపు తియ్యమను."

పనిచోటుకి చేరేసరికి ఒంటిగంట దాటింది. మేస్త్రీ తాళాలు తీశాడు. ఇన్‌స్పెక్టర్ అడిగినవి రెండే ప్రశ్నలు. అమ్మగారు వెనక గదిలో రంగు పని చేస్తారా? అబ్బే, ఆవిడకి ఆ వాసన పడదు, అటు పోరు. మొన్న రాత్రి రంగు పని నడిచిందా? లేదు, వారం నించీ బాండీలు బోర్లించే ఉన్నాయి.

ఇక ఆవిడ ఆగలేదు. వీధి గుమ్మం దగ్గరికి నడిచింది. అక్కడ కాయ తూచే పెద్ద త్రాసు ఉంది. పక్కన వరసగా ఇనుప తూకం రాళ్ళు, పలకలుగా, పైన పట్టుకునే పిడితో. మోకాలు పట్టేస్తున్నా వంగి ఒక్కోదాన్నే పక్కకి దొర్లించి అడుగు చూసింది. అన్నీ ఎర్రటి తుప్పు. చివరిదాని అడుగు నల్లగా ఉంది. మిగతావాటి మీద దుమ్ముంది. దీన్ని ఎవరో శుభ్రంగా కడిగారు.

"ఆ డ్రమ్ము జరపండి" అంది.

మేస్త్రీ, కానిస్టేబుల్ కలిసి డ్రమ్ముని పక్కకి జరిపారు. దాని కింద నేలమీద నల్లటి చదరం. కొలిచినట్టు, తూకం రాయి అడుగంత.

నాలుగింటికి కోర్టుకి పోవాల్సిన జీపు, మూడున్నరకి పనిచోటు ముందు ఆగింది. చిన్నకొడుకుని దింపారు. లోపల తల్లి, పెద్దకోడలు, మేస్త్రీ ఉన్నారు. కోడలు మరిదిని చూడగానే మొహం తిప్పేసుకుంది. తల్లి మాత్రం కొడుకుని తల నించి కాళ్ళదాకా చూసింది. ఆ తర్వాత నేలకేసి చూస్తూ ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడి చెప్పే ఓపిక ఆవిడకి లేదు.

"ఈ గదిలో హత్య జరగలేదు" అంది.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. రాత్రి కుళాయి కారుతోంది. డ్రమ్ము నిండా రసం. కుళాయి నేలకి మరీ దగ్గర, దాని కింద పానా తిరగడానికి చోటు లేదు. చోటు కావాలంటే డ్రమ్ము ముందువైపు కింద ఏదో ఎత్తు పెట్టాలి. ఆయన తూకం రాయి తెచ్చి పెట్టాడు. దాని మూల డ్రమ్ము కిందనించి బయటికి పొడుచుకొచ్చింది. నేలంతా అప్పటికే రసం. పానాతో తిప్పుతుంటే కుళాయి ఇంకా వదులైపోయింది. కంగారుగా లేవబోయాడు. కాలు జారింది. కణత పోయి రాతి మూలకి కొట్టుకుంది. వదులైన కుళాయిలోంచి రాత్రంతా రసం కారిపోయింది. ఆ రసంలో ఇనుము రాత్రంతా నిలబడింది. అందుకే దాని అడుగూ నల్లబడింది, కింద నేలా నల్లబడింది.

"కొట్టి చంపినవాడైతే రాయిని చేత్తో ఎత్తుతాడు, కొడతాడు, పట్టుకుపోతాడు. తెల్లారేదాకా డ్రమ్ము కింద పెట్టి ఉంచడు. డాక్టరుకి ఫోన్ చేశాను. దెబ్బ సరిపోయిందన్నాడు, రాస్తానన్నాడు."

"మరి ఆ రాయి ఇక్కడ లేదు కదండీ?" అన్నాడు మేస్త్రీ.

"లేదు. అదే మనందర్నీ తిప్పలు పెట్టింది. తెల్లారాక ఒకరు దాన్ని తీసి, రసంలో తడిసిన గుడ్డతో నెత్తురు తుడిచి, కడిగి, మిగతావాటి పక్కన పెట్టారు. ఖాళీ డ్రమ్ముని ఆ మచ్చ మీదికి జరిపారు. రసం తడి, ఇనుము రెండూ ముట్టుకున్న చేతులు నల్లబడతాయి. నిన్న నేను చూశాను ఆ చేతుల్ని. నా కళ్ళెదురుగానే ఉన్నాయి. చూసీ చూడనట్టు పోయాను."

అందరూ పెద్దావిడ చేతులకేసి చూశారు. ఆవిడ దాచుకోలేదు. ఒళ్ళో అలాగే పెట్టుకుంది.

"సాక్ష్యం చెరిపినందుకు మీ మీద కేసు రాయాలమ్మా."

"రాసుకోండి" అంది ఆవిడ. ఆ మాట అన్నదే కానీ, చూపు చిన్నకొడుకు మీద ఉంది.

"నువ్వు కాదా నాన్నా?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. తల్లి చేతుల వంక చూశాడు, డ్రమ్ము వంక చూశాడు. అప్పుడు అర్థమైంది.

"నేననుకున్నావా అమ్మా?"

"ఈ గదిలో ఇనుము కనబడింది రా. మీ నాన్న కాలం నించీ ఈ గదిలో నేను ఇనుము చూళ్ళేదు. పెద్దాడు తేడు. చచ్చినా తేడు. వాడి మీద కసి ఉన్నవాడే తెచ్చి ఉంటాడనుకున్నాను. ముందురోజే నువ్వు ఆ మాటన్నావు. వాడెలాగూ పోయాడు, నిన్నయినా దక్కించుకుందామని..."

"ఒక్క మాట అడగాల్సింది."

"అవునంటావేమోనని భయమేసింది."

పెద్దకోడలు బిగ్గరగా ఏడ్చింది. మరిది వైపు చేతులు జోడించబోయి, సగంలో ఆపేసి, ఆ చేతులతోనే మొహం కప్పుకుంది. మేస్త్రీ గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

కాసేపటికి తల్లే మళ్ళీ అడిగింది. ఎవర్ని అడుగుతోందో ఆవిడకే తెలీదు.

"మరి వాడెందుకు తెచ్చాడు? ఇనుము గడప దాటితే పనివాళ్ళని ఇంటికి పంపేసేవాడు. ఎత్తు పెట్టడానికి చెక్క దిమ్మలుండగా వాడెందుకు తెచ్చాడు?"

ఇన్‌స్పెక్టర్‌కి జవాబు తెలుసు. చిన్నకొడుకు జేబులో దొరికిన సామాను చూసినప్పుడు ఆవిడకి అది తట్టలేదు, ఇవాళ జీపులో వస్తుంటే తట్టింది. చెప్పకుండా ఊరుకుందామనుకుంది. కేసుకి అక్కర్లేదు, చెపితే ఒరిగేదీ లేదు.

చిన్నకొడుకే చెప్పాడు.

"దిమ్మలు స్టోర్లో ఉన్నాయమ్మా. కోపంలో స్టోరు తాళంచెవి జేబులో వేసుకుని పోయాను. బస్టాండ్‌లో కూర్చున్నంతసేపూ నా దగ్గరే ఉంది. అన్న ఫోన్ చేశాడు. పేరు చూసి ఎత్తలేదు."

తల్లి లేచింది. రెండడుగులు వేసి అతని ముందు నిలబడింది. ముట్టుకుందామని చెయ్యెత్తింది, నల్లటి వేళ్ళు చూసుకుని దించేసింది.

"ఆస్పత్రికి పోదాం పద. వాణ్ణి తెచ్చుకోవాలి."

అతను తలూపాడు.

కోర్టుకి పోవాల్సిన జీపులో వాళ్ళని ఆస్పత్రికి దింపి రమ్మని ఇన్‌స్పెక్టర్ డ్రైవర్‌కి చెప్పింది. పై ఆఫీసర్‌కి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు. తల్లి ఒక కిటికీ పక్కన కూర్చుంది. కోడలు మధ్యలో కూర్చుంది. చిన్నకొడుకు ఎక్కబోతూ ఆగి, ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చాడు. థాంక్స్ చెపుతాడు కాబోలు అనుకుందావిడ.

"నిన్న మీతో ఒక మాటన్నాను మేడం. అమ్మకి తెలుసు, అదొక్కటి చాలని."

"అన్నావు."

"కాగితాల్లో అది రాసుంటే కొట్టెయ్యండి. మీరూ రుజువు చూశాకే నమ్మారు, అమ్మా రుజువు చూశాకే నమ్మింది."

అని వెళ్ళి జీపెక్కి రెండో కిటికీ పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు.